మెరీన్ గర్ల్స్ ‘లేజీ వేస్’ పదిహేనేళ్ల తర్వాత మళ్లీ విన్నాను. చేతకాక అలా వాయించారా, కావాలనేనా?

అటకమీది_ఎల్పీలు:

వచ్చే నెల మియాపూర్ ఫ్లాట్ ఖాళీ చేస్తున్నాం. కొత్త ఇల్లు చిన్నది. మా ఆవిడ ఒకే షరతు పెట్టింది, ఒక అట్టపెట్టెలో పట్టినన్ని ఎల్పీలే కొత్తింటికి వస్తాయి, మిగతావి అమ్ముకుంటావో ఎవరికైనా ఇచ్చుకుంటావో నీ ఇష్టం అని. సరే అని కూర్చుని రెండు దొంతరలు పెట్టాను, ఉంచేవి, అమ్మేవి. అమ్మేవాటిలో ఏమాత్రం ఆలోచించకుండా ముందు పెట్టేసింది మెరీన్ గర్ల్స్ అనే బ్రిటిష్ అమ్మాయిల బ్యాండు ఆల్బమ్ ‘లేజీ వేస్’, 1983 నాటిది.

దీని కథ చెప్పాలి. ఇంజనీరింగ్ హాస్టల్లో మా గదికి అమెరికన్ రాక్ బ్యాండు నిర్వాణ అంటే పిచ్చి. దాని గాయకుడు కర్ట్ కొబేన్ తన నోటుబుక్కులో తనకిష్టమైన 50 ఆల్బమ్‌లు చేత్తో రాసుకున్నాడు, ఆ లిస్టులో ఈ బ్యాండు పేరుంది. 2009లో ఆన్‌సైట్ మీద లండన్ వెళ్లినప్పుడు ఓ సెకండ్ హ్యాండ్ షాపులో కనబడగానే కొనేశా. కొబేన్‌కి నచ్చిందంటే గోడలు అదిరిపోయే మోత ఉంటుందనుకున్నాను. ప్లేయర్ మీద పెడితే డ్రమ్స్ లేవు, మోత లేదు, ముగ్గురు అమ్మాయిలు పక్కగదిలో పడుకున్నవాళ్లు లేస్తారేమో అన్నట్టు మెల్లగా పాడుకుంటున్నారు, అక్కడక్కడా శ్రుతి కూడా జారుతోంది. ఇదేదో రిహార్సల్‌ని పొరపాటున రికార్డుగా వేసేశారనుకుని లోపల పెట్టేశాను. మళ్లీ తీయలేదు.

మొన్న రాత్రి పదకొండు దాటాక, అమ్మేముందు గీతలేమైనా పడ్డాయేమో చూద్దామని పెట్టాను. అట్టపెట్టె అడుగున అంటించాల్సిన బ్రౌన్ టేపు చేతిలో ఉంది, దాని అంచు దొరక్క గోరుతో గీకుతూ వింటున్నా. మొదటి పాట ‘ఎ ప్లేస్ ఇన్ ద సన్’ అయింది, రెండోది అయింది, మొదటి వైపు మొత్తం అయిపోయి సూది లోపలి గాడిలో టిక్కు టిక్కుమని కొట్టుకుంటోంది, నేను ఇంకా ఆ టేపు అంచు మీద గోరు పెట్టుకునే కూర్చున్నాను. గీతలున్నాయో లేదో చూడ్డమే మర్చిపోయాను.

నా ప్రశ్న ఇది. ఈ ఆల్బమ్ మారలేదు, నేనే మారాను, అది ఒప్పుకుంటాను. కానీ పాటల్లో అంత ఖాళీ వదలడం వాళ్లు తెలిసి చేసిందా? లేక డ్రమ్మర్ దొరక్క, వాయించడం పూర్తిగా రాక, ఉన్నదాంతో నెట్టుకొచ్చారా, మనమే నలభై ఏళ్ల తర్వాత దానికి ‘మినిమలిజం’ అని పేరు పెట్టి మురిసిపోతున్నామా? తెలిసినవాళ్లు చెప్పండి. దాన్నిబట్టే ఏ దొంతరలో పెట్టాలో తేలుతుంది.

---

పాతక్యాసెట్:

ముందు ఒక దిద్దుబాటు అన్నా. కొబేన్ లిస్టులో ఉన్నది ‘లేజీ వేస్’ కాదు, దాని ముందుది, ‘బీచ్ పార్టీ’. మీరు నిర్వాణ అభిమానిగా కొన్నది ఆయన రాసుకున్న రికార్డు కానే కాదన్నమాట. నవ్వుకుని ముందుకెళ్దాం, ఎందుకంటే మీ ప్రశ్నకి జవాబు ఈ రెండు ఆల్బమ్‌ల మధ్య తేడాలోనే ఉంది.

1980 ప్రాంతంలో ఇంగ్లండ్‌లోని హార్ట్‌ఫర్డ్‌షైర్‌లో స్కూలు పిల్లలు పెట్టుకున్న బ్యాండు ఇది. ట్రేసీ థార్న్ గిటార్, జేన్ ఫాక్స్ బేస్ (మంద్ర స్వరాల గిటార్), జినా హార్ట్‌మన్ పాడటం, తర్వాత జేన్ చెల్లెలు ఆలిస్ ఫాక్స్ పాడటానికి వచ్చింది. ట్రేసీకి ముందు పాడాలనే ధైర్యమే లేదు. దీనికి ముందు ఇంకో లోకల్ బ్యాండులో పాడి చూపించమంటే, ఎదురుగా నిలబడలేక బట్టల బీరువాలోకి దూరి తలుపేసుకుని లోపల్నించి పాడిందట. ఆమే తర్వాత తన పుస్తకంలో రాసుకుంది. ఇదే గొంతు 1994లో మాసివ్ అటాక్ బ్యాండుకి ‘ప్రొటెక్షన్’ పాడింది, ‘మిస్సింగ్’ పాట రీమిక్స్‌తో ప్రపంచంలో ప్రతి డ్యాన్స్ ఫ్లోర్ మీదా మోగింది. బీరువాలోంచి బయల్దేరి అక్కడిదాకా వచ్చింది.

‘బీచ్ పార్టీ’ని 1981లో ఒకరి పెరట్లోని షెడ్డులో రికార్డు చేశారు. మీరు చదివింది నిజమే, షెడ్డు, తోటపని సామాన్లు పెట్టుకునే రకం. ముందు క్యాసెట్‌గా వచ్చింది. టెలివిజన్ పర్సనాలిటీస్ అనే బ్యాండు నడిపే డాన్ ట్రేసీ (ఈయన వేరే ట్రేసీ) దాన్ని విని తన చిన్న లేబుల్ మీద ఎల్పీగా వేశాడు. అందులో మీరన్న ‘చేతకానితనం’ ఉంది, దాచాల్సిన పనిలేదు. ఏ పాటా రెండు మూడు నిమిషాలు దాటి సాగదు, కొన్ని మొదలయ్యేలోపే అయిపోతాయి, గిటార్‌కీ బేస్‌కీ శ్రుతి కలవని చోట్లు ఉన్నాయి. పదిహేడు పద్దెనిమిదేళ్ల పిల్లలు, ముందురోజు రాసుకున్నది పొద్దున రికార్డు చేసేసినట్టుంటుంది.

‘లేజీ వేస్’ నాటికి చాలా మారింది. జినా వెళ్లిపోయింది. ట్రేసీ హల్ యూనివర్సిటీలో చేరింది, అక్కడ బెన్ వాట్‌ని కలిసింది, ఇద్దరూ కలిసి ‘ఎవ్రీథింగ్ బట్ ద గర్ల్’ అనే బ్యాండు పెట్టుకున్నారు (ఆ పేరు హల్ ఊళ్లో ఒక ఫర్నిచర్ షాపు మీద రాసున్న మాట). 1982లోనే ట్రేసీ సొంతంగా ‘ఎ డిస్టెంట్ షోర్’ అనే చిన్న ఆల్బమ్ వేసింది, ఒక గిటారు, ఒక గొంతు, అంతే. దాన్ని వేసిన చెర్రీ రెడ్ లేబుల్‌కే మెరీన్ గర్ల్స్ కూడా వచ్చారు. డబ్బులు కొంచెం ఉన్నాయి, స్టూడియో ఉంది. కావాలంటే ఒక డ్రమ్మర్ని పిలుచుకోవచ్చు, వెనక కీబోర్డులు నింపుకోవచ్చు. 1983లో బ్రిటన్ అంతా అదే పని మీద ఉంది కూడా, ఏ రేడియో పెట్టినా సింథసైజర్లు, చప్పట్ల మోతలు.

వీళ్లు పిలిచింది ఎవర్ని? స్టువర్ట్ మాక్సమ్‌ని. కార్డిఫ్ బ్యాండు యంగ్ మార్బుల్ జెయింట్స్ తాలూకు మనిషి. 1980లో వాళ్ల ఒక్కగానొక్క ఆల్బమ్ ‘కొలాసల్ యూత్’ వచ్చింది, అందులోనూ డ్రమ్మర్ లేడు, చప్పుడు చేయడానికే భయపడే డ్రమ్ మెషీన్ ఒకటి, బేస్, గిటార్, ఆర్గన్, ఆలిసన్ స్టాటన్ గొంతు. పాటలో ఖాళీ ఎలా నిలబెట్టాలో ఆ రోజుల్లో ఇంగ్లండ్, వేల్స్ మొత్తమ్మీద తెలిసినవాడు ఎవరయ్యా అంటే ఆయన పేరే చెప్పాలి. అతన్ని వెతికి ప్రొడ్యూసర్‌గా పెట్టుకున్నారంటే ఖాళీ తెలిసి పెట్టుకున్నదే కదా.

కాబట్టి నా జవాబు: మొదటి ఆల్బమ్‌లో చేతకాక, రెండోదాంట్లో కావాలని. ఉంచేవాటిలో పెట్టండి. మీరు అమ్ముతానంటే మాత్రం ముందు నాకు చెప్పాలి.

---

మొహమాటం_లేదు:

అందరూ కలిసి ఈ రికార్డుకి దండలేసేముందు నాదొక మాట.

కొబేన్ ఆ నోటుబుక్కులో రాసుకోకపోతే ఈ దారం (థ్రెడ్) మొదలయ్యేదా? అన్నగారు 2009లో ఆ షాపులో దీన్ని ముట్టుకునేవారా? లేదు. ట్రేసీ థార్న్ తర్వాత పెద్ద గాయని కాకపోతే ఎవరైనా రీఇష్యూ వేసేవాళ్లా? అదీ అనుమానమే. వెనక్కి తిరిగి చూస్తే ప్రతిదీ ముందే అనుకుని చేసినట్టు కనబడుతుంది. మాక్సమ్‌ని పెట్టుకున్నారు నిజమే, కానీ అభిమానించే మనిషిని పిలుచుకోవడం వేరు, ఆయన పని అర్థమై చేయడం వేరు.

అమ్మాయిల బ్యాండే కావాలంటే అదే కాలంలో వాయించడం వచ్చినవాళ్లు బోలెడు మంది ఉన్నారు. లాస్ ఏంజిలిస్‌లో గో-గోస్ ‘బ్యూటీ అండ్ ద బీట్’ 1981లో వచ్చింది, 1982 మార్చికల్లా అమెరికా ఆల్బమ్ చార్టులో నంబర్ వన్, ఆరు వారాలు దిగలేదు. సొంత పాటలు రాసుకుని సొంతంగా వాయించుకున్న ఆడవాళ్ల బ్యాండు ఆ చార్టులో నంబర్ వన్ కావడం అదే మొదలు. జినా షాక్ డ్రమ్స్ వినండి, ఒక్క దెబ్బ వృథా ఉండదు. అది మరీ పెద్ద కంపెనీ వ్యవహారం అంటారా, కేంబ్రిడ్జ్ బ్యాండు డాలీ మిక్స్చర్ ఉంది. ముగ్గురే. గిటార్, బేస్, డ్రమ్స్, మూడు గొంతులు కలిపి పాడితే అరవైల నాటి గర్ల్ గ్రూపులు గుర్తొస్తాయి. వీళ్ల కష్టం వింటే ఏడుపొస్తుంది. 1982లో కెప్టెన్ సెన్సిబుల్ అనే గాయకుడి వెనకాల నిలబడి కోరస్ పాడితే ఆ పాట బ్రిటన్‌లో నంబర్ వన్, సొంత పాటలకి మాత్రం ఏ పెద్ద కంపెనీ ఆల్బమ్ వేయలేదు. చివరికి విసిగి, చేసిపెట్టుకున్న డెమోలు 27 పాటలు డబుల్ ఎల్పీగా తామే వేసుకున్నారు, 1,000 కాపీలు, తెల్ల కవరు, దాని మీద రబ్బరు స్టాంపు ముద్ర, చేత్తో నంబరు. అటక మీద దాచుకోవలసిన రికార్డు అంటే అది.

‘లేజీ వేస్’ బావుండదని అనను. వాన పడుతుంటే ఓసారి వినొచ్చు. పెట్టెలో చోటు తక్కువుందన్నారు కదా, ఆ చోటుకి తగ్గదా అన్నదే నా అనుమానం.

---

మంద్రస్థాయి:

నేను పదేళ్లు వీణ నేర్చుకుని, పెళ్లయ్యాక బేస్ గిటార్ పట్టినదాన్ని. మా గురువుగారికి ఈ సంగతి ఇప్పటికీ తెలీదు. కాబట్టి శ్రుతి గురించి మాట్లాడే అర్హత కొంచెం ఉందనుకుంటా.

శ్రుతి తల్లి, లయ తండ్రి అని మనకి చెప్పిపెట్టారు కదా. ఈ బ్యాండులో డ్రమ్స్ లేవు, అంటే తండ్రి ఊళ్లో లేడు. ఇల్లు నడపాల్సింది ఎవరు? నేను ఆ ఆల్బమ్ మొదటిసారి విన్నప్పుడు అదే చూశాను, ఇంటిని నడుపుతున్నది జేన్ ఫాక్స్ బేస్. మామూలుగా పాప్ పాటలో బేస్ అడుగున ఉండి డ్రమ్స్‌తో కలిసి నడుస్తుంది, మీరు దాన్ని విడిగా వినరు, అది ఆగిపోతేనే ఏదో పోయిందని తెలుస్తుంది. ఇక్కడ ఆ బేస్ అడుగున కూర్చోదు. పై ఫ్రెట్ల (మెట్ల) మీదకి పోయి ఓ రాగం వాయిస్తుంది, అది పాడే వరస కాదు, దాని పక్కనే నడిచే ఇంకో వరస. గిటార్ మధ్యలో సన్నగా టకటకమని ఒకటి రెండు కార్డులు (కలిపి మోగించే స్వరాల గుత్తులు) వేసి ఊరుకుంటుంది. మామూలు పాటలో ఎవరు ముందుండాలో వాళ్లు వెనకున్నారు, వెనకుండాల్సింది ముందుకొచ్చింది.

చేతకానివాళ్లు ఈ పని చేయలేరు అని నేననను. చేతకానివాళ్లే ఒక్కోసారి చేయగలరు, ఎందుకంటే బేస్ ఎక్కడుండాలో వాళ్లకెవరూ చెప్పలేదు. కానీ ఒకసారి చేశాక అది బావుందని వినబడి, రెండో ఆల్బమ్‌లో పద్నాలుగు పాటల్లోనూ దాన్ని వదలకుండా పట్టుకున్నారంటే అది చెవి ఉన్నవాళ్ల పనే. మొహమాటం లేదు గారూ, మీరు ఒప్పుకోకపోయినా సరే.

మరి గొంతు జారడం? ఒకటి గమనించండి. ట్రేసీ, ఆలిస్ ఇద్దరూ వైబ్రాటో లేకుండా పాడతారు, స్వరాన్ని ఊపరు, నేరుగా పెట్టి వదిలేస్తారు. మన దగ్గర గమకం లేకుండా ఒక స్వరం మీద నిలబడమంటే ఎంత కష్టమో నేర్చుకున్నవాళ్లకి తెలుసు, వెంట్రుకవాసి తేడా కూడా బయటపడిపోతుంది. ఊపితే కొంత దాగుతుంది. ఎకో వేస్తే ఇంకొంత దాగుతుంది. వెనక డ్రమ్స్, కీబోర్డులు నిండా ఉంటే ఎవరికీ వినబడదు. ఈ రికార్డులో ఆ మూడూ లేవు. అంటే ఇతర రికార్డుల కంటే వీళ్లు ఎక్కువ తప్పు పాడారని కాదు, తప్పు దాక్కోవడానికి చోటు లేదు. నాకు ఆలిస్ పాడిన పాటలు కొన్ని ఇప్పటికీ ఇబ్బందిగానే ఉంటాయి, అది నిజం, పళ్లు జివ్వుమంటాయి. ట్రేసీ కింది స్థాయిలోకి దిగినప్పుడు మాత్రం ఆ గొంతు ఎక్కడా చలించదు.

ఇంకో చిన్న సాక్ష్యం. ఈ ఆల్బమ్‌లో ‘ఫీవర్’ ఉంది చూశారా, అది వీళ్ల సొంత పాట కాదు, 1956 నాటిది. 1958లో పెగ్గీ లీ పాడిన రికార్డుతో ప్రపంచానికంతా తెలిసింది. ఆ పెగ్గీ లీ రికార్డులో ఏముందో గుర్తు తెచ్చుకోండి: ఒక బేస్, కాసిని డ్రమ్స్, చిటికెలు, గొంతు. అంతే. పరాయి పాట ఒకటి తీసుకోవాల్సొస్తే పోయి పోయి బేస్ మీద నిలబడే పాటనే తీసుకున్నారు. ఏం చేస్తున్నామో తెలియనివాళ్లు ఎంచుకునే పాటేనా అది?

మీరు ఇంట్లో ఒక ప్రయోగం చేయండి. మా పాప తొమ్మిదో క్లాసు. లాక్‌డౌన్‌లో ఇద్దరం కలిసి ‘డోన్ట్ కమ్ బ్యాక్’ వాయించాలని కూర్చున్నాం. నేను బేస్, అది చిన్న గిటార్ మీద రెండు కార్డులు, తాళానికి మా అత్తగారు పప్పుల డబ్బా మీద వేళ్లతో. అరగంటలో వచ్చేసింది. వచ్చేసిందని సంబరపడి ఫోన్లో రికార్డు చేసి వింటే ఘోరంగా ఉంది. ఎక్కడో తెలుసా? స్వరాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. నేను ఖాళీ వచ్చిన ప్రతిచోటా ఆగలేక ఏదో ఒక చిన్న ముక్క వాయించేస్తున్నా. చేతులు ఊరుకోలేదు. మూడు రోజులు పట్టింది నాకు, వాయించకుండా ఉండటం నేర్చుకోవడానికి. మా అత్తగారు మాత్రం మొదటి రోజు నుంచీ సరిగ్గానే కొట్టారు, ఆవిడకి ఇంకేమీ వాయించాలనిపించలేదు కాబట్టి.

---

మొహమాటం_లేదు:

పప్పుల డబ్బా మాట దగ్గర నేను ఓడిపోయానండీ. ‘ఫీవర్’ సంగతి నాకు తట్టలేదు, అది ఒప్పుకుంటా. డాలీ మిక్స్చర్ విషయంలో మాత్రం తగ్గేది లేదు.

---

హాట్‌ఫీల్డ్_కుర్రాడు:

నేను ఈ మధ్యే ఈ ఫోరమ్‌లో చేరాను, పాత పాటల గురించి మీకున్నంత తెలీదు. కానీ ఈ దారం చూసి నవ్వొచ్చింది, ఎందుకంటే ఈ బ్యాండు పుట్టిన చోటే నేను మాస్టర్స్ చేస్తున్నా. హార్ట్‌ఫర్డ్‌షైర్‌లోని హాట్‌ఫీల్డ్. ఇక్కడ మన తెలుగువాళ్లం ఎంతమందిమంటే బస్టాపులో నిలబడి ఫోన్లో ఎవరినైనా తిట్టుకోవాలంటే చుట్టూ చూసుకోవాలి.

ట్రేసీ థార్న్ పెరిగిన బ్రూక్‌మన్స్ పార్క్ మాకు రెండు స్టేషన్ల అవతల, లండన్ వైపు. నేను వారానికి నాలుగు రోజులు పార్ట్ టైమ్ పనికి ఆ ట్రెయిన్లోనే వెళ్తా. నిన్న ఈ దారం చదివాక ఇయర్‌ఫోన్స్‌లో ‘బీచ్ పార్టీ’ పెట్టుకుని ఎక్కాను. అక్కడ ఏముంటుందనుకుంటున్నారు? పొలాలు, కంచెలు, వరసగా ఒకేలాంటి ఇళ్లు, ప్రతి ఇంటి ముందూ కత్తిరించిన గడ్డి, దూరంగా 1929 నాటి బీబీసీ ట్రాన్స్‌మిటర్ టవర్లు. సముద్రం ఎక్కడా లేదు! బ్యాండు పేరేమో మెరీన్ గర్ల్స్, ఆల్బమ్ పేరు బీచ్ పార్టీ, పాటల పేర్లలో సముద్రాలు, దీవులు. మేం రూమ్మేట్లం ఆరుగురం సముద్రం చూద్దామని సౌత్ఎండ్ వెళ్లాం ఒక ఆదివారం, లండన్‌లో రైలు మారి, అటూ ఇటూ కలిపి నాలుగు గంటల ప్రయాణం, తీరా వెళ్తే నీళ్లు వెనక్కి పోయి బురద కనబడింది.

కాబట్టి చేతకాక చేశారా కావాలని చేశారా నాకు తెలీదు కానీ, ఆ ట్రెయిన్లో వింటే వాళ్లు బీచ్ గురించి ఎందుకు పాడారో మాత్రం అర్థమైంది. నేను ఏలూరు వాణ్ణి. మాకూ సముద్రం పక్కనే ఉన్నట్టుంటుంది కానీ ఉండదు.

ట్రేసీ ఈ ఊరి గురించే ‘అనదర్ ప్లానెట్’ అని పుస్తకం రాసిందని మా లైబ్రరీలో చూశాను. అసైన్‌మెంట్లు అయ్యాక చదవాలి, అంటే ఎప్పటికో.

---

పాతక్యాసెట్:

తమ్ముడూ, ఇన్నేళ్లుగా ఈ రికార్డులు వింటున్నా, హార్ట్‌ఫర్డ్‌షైర్‌కి సముద్రతీరం లేదన్న సంగతి నాకెప్పుడూ తట్టలేదు. మ్యాప్ తెరిచి చూశాను ఇప్పుడే. సిగ్గేసింది.

అసలు ప్రశ్న అడిగిన అన్నకి ఇంకో మాట చెప్పాలి. 1983లోనే బ్యాండు విడిపోయింది, ‘లేజీ వేస్’ వచ్చిన ఏడాదే. ఫాక్స్ అక్కాచెల్లెళ్లు ‘గ్రాబ్ గ్రాబ్ ద హాడాక్’ అని ఇంకో బ్యాండు పెట్టుకున్నారు. పేరులో మళ్లీ చేపే.

---

అటకమీది_ఎల్పీలు:

అందరికీ థాంక్స్. ఇన్ని జవాబులొస్తాయనుకోలేదు.

నిన్న రాత్రి మళ్లీ పెట్టాను, ఈసారి మంద్రస్థాయి గారు చెప్పినట్టు గొంతుల్ని వదిలేసి ఒక్క బేస్‌నే పట్టుకుని విన్నాను. మొదటి వైపు మూడో పాట దగ్గరికొచ్చేసరికి ఒక సంగతి వెలిగింది. పదిహేనేళ్ల క్రితం నేను ఇది విన్నది లాప్‌టాప్‌కి తగిలించిన రెండు చిన్న ప్లాస్టిక్ స్పీకర్లలో, ప్లేయరేమో హోటల్ గదిలో పెట్టుకోవడానికి కొన్న చౌకరకం. అందులో బేస్ దాదాపు వినబడదు. అంటే ఇల్లు నడిపే మనిషిని బయట నిలబెట్టి తలుపేసి, ఇంట్లో ఎవరూ లేరేంటని అన్నది నేనే. రిహార్సల్ లాగా ఉందంటే ఉండదా మరి.

అయినా మొహమాటం లేదు గారి అనుమానం పూర్తిగా పోలేదు నాకు. ‘సచ్ ఎ థింగ్’ దగ్గర ఇంకా ఏదో అసంపూర్తిగా ఉన్నట్టే అనిపిస్తోంది, ఇంకో చరణం రాసుకోవాల్సింది, మానేశారు అన్నట్టు. ఒకరోజు అది కూడా కావాలని చేసిందే అనిపిస్తుందేమో, అనిపించకపోతే అనిపించకపోనివ్వండి, అన్నీ మెచ్చుకోవాలని ఏముంది.

దొంతర సంగతి: మధ్యాహ్నం మా ఆవిడ వచ్చి పెట్టె చూసింది. పట్టలేదు. ‘లేజీ వేస్’ పెట్టాలంటే ఒకటి తీయాలి. అన్నీ ఒకసారి తిరగేసి చివరికి నిర్వాణ ‘నెవర్‌మైండ్’ తీశాను, అది ఫోన్లో ఉంది, ఎక్కడికీ పోదు. తీసి అమ్మేవాటి మీద పెట్టాక పది నిమిషాలు అలా చూస్తూ నిలబడ్డాను, హాస్టల్ గది గోడ మీద ఆ పోస్టర్ ఎంత పెద్దదుండేదో గుర్తొచ్చి.

పాతక్యాసెట్ అన్నా, ‘లేజీ వేస్’ అమ్మడం లేదు. ‘నెవర్‌మైండ్’ కావాలా? కవరు ఒక మూల కొంచెం నలిగింది.

---

పాతక్యాసెట్:

నా దగ్గర రెండున్నాయి అన్నా. ‘బీచ్ పార్టీ’ ఎక్కడైనా దొరికితే చెప్పండి.